సరిచేశాం

మా కోడలి పెట్టె ఎప్పుడూ నేనే సర్దుతాను. తనకి చేతకాక కాదు. ఏదో ఒక వస్తువు ఇంట్లో ఉంచేయాలి కాబట్టి. చేతిరుమాలో, దువ్వెనో, జతలో ఒక మేజోడో. వెళ్ళే మనిషిది ఏదో ఒకటి వెనక ఉండిపోతే, దాని కోసమైనా మనిషి తిరిగొస్తుందని నా నమ్మకం. మా ఆయన చివరిసారి బయల్దేరినప్పుడు అడిగినవన్నీ అడిగినట్టు సర్ది ఇచ్చాను, గొడుగుతో సహా. ఇంట్లో ఆయనది ఏమీ మిగల్లేదు. అప్పటినుంచీ ఈ అలవాటు.

ఆ రోజు ఉదయం మంచం మీద పెట్టె తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. బట్టలు అడుగున పెట్టాను. స్వెటర్ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను. సముద్రం ఒడ్డున స్వెటర్ ఎందుకని కోడలు అంటుంది. కానీ వాళ్ళు పనిచేసే గదుల్లో ఎముకలు కొరికే చల్లదనం ఉంటుందని చెప్పింది కూడా తనే.

మా కోడలు ప్రభుత్వ పరిశోధనశాలలో అంతరిక్ష నౌకలు తయారుచేసే జట్టుకి పెద్ద. ఈసారి వాళ్ళు చేసింది ఒక తోకచుక్క దగ్గరికి వెళ్ళే నౌక. ఆ తోకచుక్క మళ్ళీ ఇటు వచ్చేసరికి ఇప్పుడు ఉయ్యాలలో ఉన్న పిల్లలు కూడా ఉండరట. అందుకని ప్రయోగం వాయిదా వేయడమన్న మాటే లేదు. నౌకని ఒక పెద్ద ఇనప పెట్టెలో పెట్టి బిగించేశారు. మర్నాడు పొద్దున్నే దాన్ని లారీ మీద సముద్రం ఒడ్డున ఉన్న ప్రయోగకేంద్రానికి తీసుకెళ్తారు. వెనకాల కారులో కోడలూ, జట్టులో మరి కొందరూ. నెల్లాళ్ళు అక్కడే.

ఆ ఏడాదంతా కోడలు ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంది. మా అబ్బాయి రైల్వేలో పనిచేస్తాడు, వారంలో సగం రోజులు ఊళ్ళు తిరుగుతూనే ఉంటాడు. కాబట్టి ఇంట్లో ఉండేది మేమిద్దరమే. అన్నం ముందు కూర్చుని, ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయేది.

“తింటున్నావా, బరువు చూస్తున్నావా?” అని అడిగితే, “బరువే అత్తయ్యా. రెండు వందల గ్రాములు ఎక్కువొచ్చింది. ఎక్కడ తగ్గించాలో అర్థం కావట్లేదు” అనేది. ముద్ద సంగతి కాదు, నౌక సంగతి.

నేను స్వెటర్ మూడోసారి మడుస్తుంటే వంటింటి వైపు తలుపు తోసుకుని పిన్ని వచ్చింది.

పిన్ని అంటే కోడలికి సొంత పిన్నేమీ కాదు. ఆవిడ భర్తని ల్యాబ్‌లో చిన్నా పెద్దా అందరూ బాబాయ్ అంటారు. అందుకని ఈవిడ పిన్ని. మా వీధిలోనే, మా ఇంటి నుంచి మూడో ఇల్లు. బాబాయ్ మా కోడలి కంటే చాలా ముందు చేరినవాడు. నౌక లోపలి వైర్ల పనంతా ఆయన చేతి మీదే జరుగుతుంది. కోడలు కొత్తగా చేరినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిన మనిషి. తర్వాత కోడలే ఆయనకి పై అధికారి అయింది. అయినా ఇద్దరి మధ్యా ఏమీ చెడలేదు. ల్యాబ్‌లో నలుగురి ముందు ‘మేడం’ అనేవాడు. మా ఇంటికొస్తే వంటింట్లోంచే లోపలికొచ్చి, “ఏమే అమ్మాయ్, టీ ఉందా లేదా?” అనేవాడు. ఆ నెలాఖరుకి ఆయన రిటైరవుతాడు. నౌకని సాగనంపి, అటునుంచి అటే విశ్రాంతి తీసుకుంటానని వీధిలో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకుంటున్నాడు.

“అమ్మాయి ఉందా వదినగారూ?” అంది పిన్ని.

“స్నానం చేస్తోంది. కూర్చో.”

మంచం అంచున కూర్చుని నా ముందున్న పెట్టె వైపు చూసింది. “మా ఆయన కూడా సర్దుకున్నాడు. నన్ను దగ్గరికి రానివ్వలేదు.”

“అదేం?”

“మందులు దాచుకున్నాడుగా అందులో.”

కోడలు తడిజుట్టుతో వచ్చేసరికి పిన్ని లేచి నిలబడింది. చెప్పాల్సింది దారిలోనే కూడబెట్టుకుని వచ్చినట్టుంది, గబగబా చెప్పేసింది. గుండె జబ్బు. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు, ఎక్కువసేపు నిలబడొద్దన్నాడు. ఆపరేషన్ చేయించుకోమన్నాడు. ఈయన నౌక వెళ్ళాక చూద్దాం అన్నాడు.

“నాతో ఒక్క ముక్క కూడా అనలేదు పిన్నీ!”

“అంటే నువ్వు తీసుకెళ్ళవుగా. అక్కడ, ఆ ఇసకలో, ఏదైనా అయితే ఆసుపత్రికి సగం రోజు ప్రయాణమని నువ్వే కదమ్మా నిరుడు చెప్పావు. ఆయన్ని తీసుకెళ్ళకు. నేనడిగానని మాత్రం చెప్పొద్దు. జబ్బు సంగతి నీకు తెలుసని కూడా అనొద్దు. తెలిసిందంటే ఈ జన్మకి నాతో మాట్లాడడు.”

కోడలు తల తుడుచుకోవడం ఆపి కాసేపు ఆలోచించింది. తర్వాత తేలిగ్గా నవ్వింది. “ఈసారి అక్కడ వైర్ల పనేమీ లేదు పిన్నీ. అన్నీ ఇక్కడే మూసేశాం. చూసుకోవడానికి చిన్నమ్మాయి ఒక్కతి చాలు. మీరొచ్చి ఏం చేస్తారు, రిటైర్మెంట్ కాగితాలు చూసుకోండి అంటాను. రెండు రోజులు అలుగుతాడు, అంతే.”

“మాటిస్తున్నావా?”

“ఇచ్చాను.”

చిన్నమ్మాయి అంటే జట్టులో అందరికంటే చిన్న ఇంజనీరు, బాబాయ్ శిష్యురాలు. ఏ విధంగా చూసినా అప్పటికి అది పెద్ద మాటేమీ కాదు. పిన్ని కళ్ళు తుడుచుకుని, నా చేతిలోంచి స్వెటర్ తీసుకుని, తనే మడిచి పెట్టెలో పెట్టి వెళ్ళిపోయింది.

ఇక్కడ అంతకు ముందు వారం సంగతి ఒకటి చెప్పాలి. నౌకని ఇనప పెట్టెలో పెట్టే ముందు ఇంట్లోవాళ్ళని పిలిచి చూపిస్తారు. నేనూ పిన్నీ కలిసి వెళ్ళాం. మందపాటి అద్దం అవతల పెద్ద గది. అందులో తల నుంచి కాళ్ళ దాకా తెల్లబట్టలు తొడుక్కున్నవాళ్ళు, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మధ్యలో బీరువా అంత నౌక, పచ్చటి మెరుపు కాగితం చుట్టుకుని ఉంది. పక్కనే దాన్ని పెట్టబోయే ఇనప పెట్టె. దాని మీద పెద్ద అక్షరాలు ఉంటే నేను కూడబలుక్కుని చదివాను. నాకు బడి లేదు. సరుకులు కట్టి ఇచ్చే కాగితాల మీద నేర్చుకున్న చదువు నాది, అందుకని ఎక్కడ అక్షరాలు కనబడినా చదవకుండా ఉండలేను. ‘ఈ వైపు పైకి’ అని ఉంది.

బాబాయ్ పక్కకొచ్చి నిలబడ్డాడు. “అది లారీ వాళ్ళ కోసం అక్కయ్యగారూ. అక్కడికి వెళ్ళాక పైనా లేదు, కిందా లేదు.”

“ఆ కుడిపక్కన చిన్న చిన్న గొట్టాలున్నాయే, అవేమిటి తమ్ముడూ?”

“ఎవరి కుడి?”

“ఎవరి కుడి ఏమిటి? కుడంటే కుడే కదా!”

“కాదు. మీరు దానికి ఎదురుగా నిలబడ్డారు. మీ కుడి దానికి ఎడమ. ఇక్కడ మన కుడి అనేది లేదు. దాని కుడి ఒక్కటే ఉంది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజు ఈ మాటే చెప్తాను. ఆ తర్వాతే టీ తాగనిస్తాను.”

“చంటిపిల్లకి చొక్కా తొడిగినట్టా?”

“అంతే! తొడిగేటప్పుడు పిల్ల చెయ్యి చూస్తాం కానీ మన చెయ్యి చూసుకోంగా.”

ఆ గొట్టాలు గ్యాసు ఊదుతాయట. ఇటు ఊదితే నౌక అటు తిరుగుతుంది. అక్కడ దాన్ని తిప్పడానికి చేతులుండవు, ఇవే దిక్కు. “తోకచుక్క అనగానే అనుకున్నాను అక్కయ్యగారూ, తల ప్రాణం తోకకొస్తుందని. అలాగే వచ్చింది” అని నవ్వాడు. అప్పుడే గమనించాను, ఆ నాలుగు మాటలకే ఆయనకి ఆయాసం వచ్చింది. వయసు అనుకున్నాను.

సరే, మళ్ళీ ఆ రోజుకి వస్తాను. పిన్నికి మాటిచ్చి కోడలు ల్యాబ్‌కి వెళ్ళింది. అక్కడ జరిగినప్పుడు నేను లేను. సాయంత్రం కోడలు కొంత చెప్పింది, తర్వాతెప్పుడో చిన్నమ్మాయి కొంత చెప్పింది. రెండూ కలిపి చెప్తున్నాను.

మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌లో టీ తాగుతున్నారు. పని అయిపోయిందన్న అలసటలో అందరూ కుర్చీల్లో వెనక్కి వాలిపోయి ఉన్నారు. నౌకని నడిపే ప్రోగ్రాం రాసే మనిషి ఒకతను ఉన్నాడు. అతన్ని వాళ్ళు కళ్ళజోడు అంటారు. అతను ఏదో సరదాకి, “ఎంత గొప్ప ల్యాబ్ మనది, కుడి ఎడమలు తెలియవు. నేను ఒక్క మైనస్ గుర్తు పెట్టి నౌకకి బుద్ధి చెప్పాను కాబట్టి సరిపోయింది” అన్నాడు.

“ఏ మైనస్?” అన్నాడు బాబాయ్.

“అదే బాబాయ్. బల్ల మీద పరీక్షలో కుడికి తిరగమంటే ఎడమకి తిరిగింది చూడండి. డ్రాయింగ్ గీసినవాడు ఎదురుగా నిలబడి గీసేశాడు. ప్రోగ్రాంలో మార్చాంగా. మేడం సంతకం కూడా పెట్టారు.”

బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు. “మీరు మార్చారా? నేనూ మార్చాను కదరా!”

“మీరేం మార్చారు?”

“ప్లగ్గులు. పరీక్ష అయిన రోజే. ఇటుది అటు, అటుది ఇటు పెట్టేశాను.”

కళ్ళజోడు గాల్లో వేలిని ఒకసారి ఇటు తిప్పి, ఒకసారి అటు తిప్పి, ముఖం తెల్లబోయి కూర్చున్నాడట. ఒక తప్పుని ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు, చెరో వైపునుంచీ సరిచేశారు. రెండు దిద్దుబాట్లూ కలిసి నౌక మళ్ళీ మొదటి తప్పు దగ్గరికే వచ్చింది. కుడికి తిరగమంటే ఎడమకే తిరుగుతుంది. ఆ తర్వాత పరీక్షలన్నీ ల్యాబ్‌లో ఉండే నమూనా మీద చేశారు. నమూనాలో ప్లగ్గులు ఎవరూ మార్చలేదు కాబట్టి అది బుద్ధిగానే తిరిగింది.

ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఒకరితో ఒకరు చెప్పుకోలేదా అని నేనూ అడిగాను. చెప్పుకున్నారు. అదే విచిత్రం. పరీక్ష అయిన వారం మీటింగులో బాబాయ్ లేచి, “కుడి ఎడమల సంగతి సరిచేశాం” అన్నాడు. కోడలు తలెత్తి, “ఆఁ, సరిచేశాం” అంది. అయిపోయింది, తర్వాతి విషయంలోకి వెళ్ళిపోయారు. సరిచేశాం అన్న మాటలో ‘మేము’ ఉందో ‘మనం’ ఉందో పైకి కనబడదు. వైర్ల దగ్గర మేము సరిచేశాం అని బాబాయ్ ఉద్దేశం. మనం సరిచేశాం, నేను సంతకం పెట్టిన ప్రోగ్రాం మార్పు గురించే అంటున్నాడు అని కోడలు అర్థం చేసుకుంది. ‘సరిచేశాం’ ముందు ఆ ఒక్క మాట నోటితో అని ఉంటే సరిపోయేది. కానీ ఏళ్ళ తరబడి పక్కపక్కన పనిచేసినవాళ్ళు ఆ ముందుమాటలు అనరు. అక్కర్లేదనుకుంటారు.

ప్రోగ్రాం మళ్ళీ మార్చడానికి లేదు. అందులో ఒక్క గుర్తు కదిలిస్తే పరీక్షలన్నీ మొదటినుంచీ చెయ్యాలి, దానికి వ్యవధి లేదు. ఉన్న దారల్లా ప్రయోగకేంద్రంలో ఇనప పెట్టె తెరిచాక, నౌక పక్కన ఉన్న చిన్న మూత విప్పి, ఆ కన్నంలో చెయ్యి దూర్చి ప్లగ్గులు వెనక్కి మార్చడం. కన్నం ఇరుకు. పక్కనే సున్నితమైన పైపులు. ఆ పని చేసిన చెయ్యి ఒక్కటే ఉంది, బాబాయ్‌ది.

పొద్దున్న పనిలేదు కాబట్టి రావద్దు అనడానికి వీలుండేది. ఇప్పుడు పని వచ్చింది, ఆయన చెయ్యాల్సిన పనే వచ్చింది.

డైరెక్టర్ గదిలోకి కోడలు ఒక్కతే వెళ్ళింది.

“ఎవరి తప్పు?” అని అడిగాడట ఆయన.

“ఇద్దరిదీ. ఆయన మార్చి నాకు సరిగ్గా చెప్పలేదు. నేను మార్చి ఆయనకి సరిగ్గా చెప్పలేదు.”

“నీ మార్పుకి సంతకం ఉంది. అతను ఎవర్నీ అడక్కుండా చెయ్యి పెట్టాడు. రిటైరయ్యే ముందు ఇదేం పని? అక్కడికి అతను వద్దు. ఇంకెవరితోనైనా చేయించు.”

“కాదనడానికి నోరు తెరిచాను అత్తయ్యా” అంది కోడలు నాతో. “ఆయన లేకుండా కుదరదు అని గట్టిగా అంటే ఒప్పుకునేవాడే. ఇంతలో పిన్ని కళ్ళ ముందు కనబడింది. నోరు మూసుకున్నాను.”

తర్వాత బాబాయ్‌ని వెతుక్కుంటూ వెళ్ళింది. తెల్లబట్టలు మార్చుకునే గదిలో ఉన్నాడు. ఆ గదిలో ఒక పక్క పొడుగాటి బల్ల, ఒక పక్క ఇనప అరలు. ఆయన అర తలుపు మీద చిన్నమ్మాయి ఎప్పుడో రంగు పెన్నుతో ‘బాబాయ్’ అని రాసింది. ఆయన బల్ల మీద కూర్చుని తెల్ల బూట్లు విప్పుకుంటున్నాడు. అవి ఆ గది దాటి బయటికి రాకూడదు.

“ఎవరెవరు వెళ్తున్నాం?” అన్నాడు తలెత్తకుండా.

“బాబాయ్, మీరు రావద్దు. చిన్నమ్మాయి చేస్తుంది.”

“ఆ కన్నంలో చెయ్యి దూర్చింది నేను. తియ్యాల్సింది నేనే కదా.”

“వద్దు బాబాయ్.”

“డైరెక్టర్ అన్నాడా?”

“ఊఁ.”

“నువ్వేమన్నావు?”

ఆయన రెండో బూటు విప్పి, రెండూ అరలో జతగా పెట్టి, తలుపు వేశాడు. అప్పుడు తలెత్తి చూశాడట.

“ఒక్క సంగతి చెప్పు. ఈ తప్పుకేనా?”

“అవును” అంది కోడలు.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, పెట్టె పక్కన కూర్చుని ఇదంతా చెప్పింది. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు గోడకి తల ఆనించింది.

“అంత మాట ఎందుకన్నావే? నిజం చెప్పేస్తే పోయేదిగా. పిన్ని సంగతి నేను చూసుకునేదాన్ని” అన్నాను.

“నిజం చెప్తే వచ్చేస్తాడు అత్తయ్యా. ఎవడికి జబ్బు అని పెట్టె ఎత్తుకుని లారీలో ఎక్కి కూర్చుంటాడు. మీకు తెలీదా ఆయన సంగతి? జబ్బు ఆయన్ని ఆపదు. తప్పు చేశావు అంటేనే ఆగుతాడు. అదొక్కటే దారి కనబడింది.” అప్పుడు చెప్పులు విప్పుతూ, “నెల్లాళ్ళేగా. తిరిగొచ్చాక కాళ్ళు పట్టుకుంటాను. ఆపరేషన్ అయ్యాక అన్నీ చెప్పేస్తాను. తిడతాడు, తిట్టనీ” అంది.

నాకు భయం పట్టుకుంది. మనుషులు విడిపోయేటప్పుడు ‘తిరిగొచ్చాక’ అన్న మాట వింటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు.

మర్నాడు పొద్దున్న కారు రాకముందు వీధి గేటు చప్పుడైంది. బాబాయ్. నాకు తెలిసి ఆయన మా వీధి గేటు వైపునుంచి రావడం అదే మొదటిసారి.

“లోపలికి రా తమ్ముడూ” అన్నాను.

“మేడం ఉన్నారా అక్కయ్యగారూ?”

మా ఇంటి గడపలో ఆ మాట ఎప్పుడూ వినలేదు. వెనక్కి తిరిగి చూస్తే కోడలు నా వెనకే నిలబడి ఉంది. తనూ విన్నది.

ఆయన జేబులోంచి గుడ్డలో చుట్టిన వస్తువు తీశాడు. సన్నటి పట్టకారు. కొసలు బాగా అరిగి ఉన్నాయి. “ప్లగ్గు లాగడానికి మామూలుది ఆ కన్నంలో పట్టదు. ఇది నేను అరగదీసి చేసుకున్నాను. ఆ అమ్మాయికివ్వండి. ఎడమచేత్తో పట్టుకోమనండి.” ఆగి, “దాని ఎడమ కాదు, తన ఎడమ” అన్నాడు.

నవ్వాలో వద్దో మాకు తెలియలేదు. ఆయనైతే నవ్వలేదు.

“బాబాయ్, లోపలికి రండి. టీ పెడతాను” అంది కోడలు.

“వద్దు మేడం. కారు వచ్చే వేళైంది.”

“బాబాయ్…”

“వెళ్ళి రండి” అన్నాడు. గేటు మెల్లగా దగ్గరకి వేసి, గడియ పెట్టి మరీ వెళ్ళాడు.

పట్టకారుని స్వెటర్ మడతల్లో పెట్టాను. కోడలి దువ్వెన తీసి నా దిండు కింద దాచుకున్నాను.

ఆ నెల్లాళ్ళూ నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. అక్కడ చిన్నమ్మాయి ఎడమచేత్తో ఆ పని చేసింది. కోడలు పక్కన నిలబడి టార్చి పట్టుకుంది. ప్రయోగం రోజున వీధంతా టీవీల ముందే ఉంది. పొగ, మంట, చప్పట్లు. అవన్నీ అయ్యాక రెండో రోజు కోడలి ఫోను వచ్చింది. గొంతు పూర్తిగా పోయింది.

“తిరిగింది అత్తయ్యా. తన కుడికే తిరిగింది.”

చెప్పులు కూడా వేసుకోకుండా మూడో ఇంటికి పరుగెత్తాను. బాబాయ్ కుర్చీ మీద నిలబడి ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. కింద పిన్ని కుర్చీ కాలు పట్టుకుని, దిగమని బతిమాలుతోంది.

“తిరిగిందట తమ్ముడూ! దాని కుడికే!”

ఆయన చెయ్యి ఆగింది. “సంతోషం అక్కయ్యగారూ” అన్నాడు. మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. ఆ తుడిచే రెక్క అప్పటికే శుభ్రంగా ఉంది.

బాబాయ్ మిగిలిన రోజులకి సెలవు పెట్టేశాడు. నెలాఖరుకి ల్యాబ్‌లో ఆయనకి వీడ్కోలు సభ పెట్టారు. కోడలు అక్కడినుంచే ఫోన్లు చేసి ఏర్పాట్లన్నీ చేయించింది. ఆయన ఒంట్లో బాగాలేదని కబురు పంపి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని ఆయన నోటినుంచి వచ్చింది అదొక్కసారే. అది కూడా అబద్ధంగా చెప్పాడు. ఆ మర్నాడే పిన్నితో, “ఇక వేరే పనేముంది, పద” అని ఆసుపత్రికి వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నాడు. బాగానే జరిగింది.

కోడలు తిరిగొచ్చింది. పెట్టె గుమ్మంలోనే వదిలేసి, నా దిండు కిందనుంచి దువ్వెన తనే తీసుకుని, తల దువ్వుకుని, తిన్నగా వాళ్ళింటికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. ఆయన పడక మీద దిండ్లు ఆనుకుని కూర్చున్నాడు. కోడలు మంచం పక్కన కింద కూర్చుంది.

“పంపించాం బాబాయ్” అంది.

ఆ ‘పంపించాం’లో ఆయన కూడా ఉన్నాడని మాకందరికీ తెలుసు. ఆయనకి మాత్రం వినబడలేదో, వినబడి కూడా వద్దనుకున్నాడో.

“సంతోషం. పంపించారు” అన్నాడు.

అంతే. కోడలు చాలాసేపు అలాగే కూర్చుంది. పిన్ని తలుపు దగ్గర నిలబడి, ఆయనకి కనబడకుండా, చెప్పొద్దని తల అడ్డంగా ఊపుతోంది. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. కోడలు లేచి వచ్చేసింది. గేటు దగ్గర పిన్ని కోడలి చెయ్యి పట్టుకుని, “బతికించావు తల్లీ” అంది. కోడలు చెయ్యి విడిపించుకోలేదు.

కుట్లు మానాక చెప్తానంది. మానాయి. పిన్ని ఇంకొన్నాళ్ళు ఆగమంది. ఆగింది. ఒకరోజు తెగించి వెళ్ళి మొదలుపెడితే ఆయన చెయ్యెత్తి ఆపాడు. “ఆ సంగతులన్నీ ఇప్పుడెందుకు మేడం? ఏదో సరిచేసుకున్నారుగా” అని, ఆవిడకి కుర్చీ వెయ్యమని పిన్నితో అన్నాడు. కోడలు ఆ కుర్చీలో కూర్చుని టీ తాగి వచ్చింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆయన తర్వాత చాలా ఏళ్ళు మా వీధిలోనే ఉన్నాడు. నాతో మామూలుగానే మాట్లాడేవాడు. కూరల దగ్గర కనబడితే సంచి అందుకునేవాడు. కోడలు ఎదురైతే పక్కకి తప్పుకుని, “బాగున్నారా మేడం?” అని దారిచ్చేవాడు. తిట్టి ఉంటే బాగుండేదని కోడలు నాతో ఒకసారి అంది. నౌక తోకచుక్కని చేరుకున్న రోజున ల్యాబ్ కారు ఆయన ఇంటి ముందుకొచ్చి నిలబడింది. మోకాళ్ళ నొప్పులని చెప్పి పంపించేశాడు. ఆ సాయంత్రం చెరువు దాకా నడిచి వెళ్ళి వచ్చాడు.

మార్చుకునే గదిలో ఆయన అర అలాగే ఉంది. అందులో తెల్ల బూట్లు జతగా ఉన్నాయి. క్యాంటీన్‌లో ఆయన స్టీలు గ్లాసు మేకుకి వేలాడుతూనే ఉంది. అర ఖాళీ చేయిస్తామని ఎవరడిగినా కోడలు ఒప్పుకోదు. ఇప్పుడు చిన్నమ్మాయి కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ‘దాని కుడి’ అని చెప్పి, ఆ తర్వాతే టీ తాగనిస్తుందట. మీటింగుల్లో ఎవరైనా ‘చేశాం’ అంటే, “ఎవరు? మేమా, మనమా?” అని కోడలు అడుగుతుందట. కొత్తవాళ్ళు వెనక నవ్వుకుంటారట.

వెనక ఏదైనా వస్తువు ఉండిపోతే మనిషి తిరిగొస్తాడని నేను ఇన్నాళ్ళూ నమ్మాను. ఆయనవి రెండు బూట్లూ ఒక గ్లాసూ ఉండిపోయాయి.

లారీ కదలడానికి ముందు రోజు, బుధవారం సాయంత్రం, ల్యాబ్ గేటు దాటి బయటికొచ్చిన బాబాయ్ మళ్ళీ ఆ గేటులోకి వెళ్ళలేదు.